పోపా కొండకి కోపమొస్తే

మా యర్రయ్యమావ మేస్త్రీకి జడవడు, పోలీసుకి జడవడు. రంగూన్‌కి రెండు రోజుల ప్రయాణమంత దూరాన నిద్రపోతున్న పోపా కొండకి మాత్రం గడగడలాడతాడు.

అది ఒకప్పుడు నిప్పులు కక్కిన కొండ. చల్లారి ఎన్ని యుగాలైందో ఎవరికీ తెలీదు. ఎగువన కిరసనాయిలు బావుల్లో పనిచేసే రోజుల్లో మావ దాన్ని దూరంనించి చూశాడట. అంతే. అన్నం మాడినా కొండ కోపమే, వాన ఆగకపోయినా కొండ కోపమే.

ఓసారి మా గదిలోనే ఉండే బుల్లియ్యకి పన్ను సలిపింది. "పన్నుకీ కొండకీ ఏటి మావా సమ్మందం?" అని వాడు బుగ్గ పట్టుకుని ఏడిస్తే, "నెమ్మదిగా ఏడవరా, అది లెగుద్ది," అన్నాడు మావ.

పంతొమ్మిది వందల ఇరవై నాలుగు నాటి మాట ఇది. రంగూన్‌లో సేక్కాన్ రేవులో బియ్యం బస్తాలు మోసే మేం ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్లం. గది దూలానికి మావ ఓ కొబ్బరికాయ వేలాడగట్టాడు. బర్మావాళ్ల ఇళ్లలో ఉండేదే. పోపా మీద కొలువున్న దేవుడు ఒకనాటి కమ్మరి, రాజు పగబట్టి సజీవంగా కాల్పించాడట. ఆ కాలిన ఒంటికి చలవ కోసం ఎర్రగుడ్డ చుట్టి ఈ కాయ కడతారు.

మావ మాత్రం ఓసారి తలకిందులుగా కట్టేవాడు, ఓసారి ఎర్రగుడ్డకి బదులు పాత లుంగీ పీలిక చుట్టేవాడు. చుట్టి, కొండకి కోపమొస్తుందేమోనని పక్కగది ముసలావిడ డా సాన్ సాన్‌ని పిలుచుకొచ్చేవాడు. ఆవిడకి తెలుగు నేర్పింది చనిపోయిన మొగుడు అచ్చన్న. తిట్లు మాత్రం సొంతంగా నేర్చుకున్నట్టుంది. తిట్టేటప్పుడు కూడా మావని బర్మావాళ్ల మర్యాదతో 'కో' అనే పిలిచేది.

"ఓరి కో యర్రయ్యా! కాయకి నెత్తేదో కాళ్లేవో తెల్దేటి? పగాన్ రాజులు పట్టం కట్టుకోడానికి ముందు ఆ కొండకెల్లి దండం ఎట్టీవోరు. నువ్వు లుంగీ ముక్క కడతావా?"

"సముద్రం దాటొచ్చినోళ్లం, మాకేటి తెలుసమ్మా," అని మావ చేతులు కట్టుకు నిలబడేవాడు. ఆవిడ తనివితీరా తిట్టి, సరిగ్గా కట్టి వెళ్లేది.

ఓ ఆదివారం పొద్దున్న ఇంట్లో కూర లేదు. బుల్లియ్య పైకి చూశాడు. "మనూర్లో దేవుడి కాయ మనమే తింటాం గదేటి?"

మావ బజారునించి వచ్చేసరికి కాయ కాస్తా పచ్చడి అయిపోయింది. ఖాళీ తాడు చూసి కూలబడ్డాడు.

"కొండ శానా దూరం మావా, దానికి తెల్దు," అన్నాను.

"కొండకేట్రా! దాని నిద్ర అది పోతాది. ఆ ముసిల్దాన్ని ఇంకేటి సెప్పి పిలవాల?"

మేం నోరు తెరిచాం. మావ చెప్పుకొచ్చాడు. తెలుగువాణ్ణి కట్టుకుందని ఆవిడ అయినవాళ్లు గడప తొక్కరు. అచ్చన్న పోయాక మనవాళ్లూ మానేశారు. నెలల తరబడి ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు.

"ఓనాడు తెలీక కాయ తలకిందులు కట్టినాను. కిటికీలోంచి సూసి పరిగెట్టుకొచ్చి తిట్టింది. ఆ తిట్లు ఇని నాకు పేనం లేచొచ్చిందిరా. అప్పట్నించి సరిగ్గా కట్టనేదు."

మేం దేశం కాని దేశంలో దిక్కులేనివాళ్లం, ఆవిడ పుట్టిన ఊళ్లోనే అలా ఉంది.

అంతలో ఆవిడే వచ్చింది. తాడు చూసింది, పచ్చడి చూసింది. "తినేసినాం," అన్నాడు బుల్లియ్య.

అబ్బ, ఏం తిట్టింది! పగాన్ రాజులతో మొదలెట్టి, అన్నతోపాటు మంటల్లో దూకిన కమ్మరి చెల్లెలి దాకా వచ్చి, మళ్లీ మా ముగ్గురి పుట్టుకల మీదికి వెళ్లింది. ఆయాసం తీర్చుకోడానికి కూర్చుని, వేలితో పచ్చడి నాకి, "ఉప్పు సాల్లేదు," అంది.

కొత్త కాయ కొనడానికి ఆవిడ వెంట నేను వెళ్లాను. వీధి మలుపు తిరిగాక గొంతు తగ్గించింది.

"కో యర్రయ్యకి కాయ కట్టడం బాగా తెలుసు. సుబ్బరంగా కట్టి, మళ్లీ ఇప్పీడం ఎన్నోసార్లు సూసినాను."

నేను ఆగిపోయాను. "మరెందుకు తిడతావమ్మా?"

"పాపం, ఒంటి మనిషి," అంది ఆవిడ. "తిట్టడానికి పెళ్లామైనా నేదు. నేనూ తిట్టకపోతే ఆ మనిషికి ఊసుపోద్దా?"