కథలాపూర్ బస్సు ఆగిన రోజు

నేను కోరుట్లలో ఒక చిన్న డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఏదైనా ఆపద వస్తే పిల్లలందరి ఫోన్లకూ ఒకేసారి కబురు పంపే ఏర్పాటు మా కాలేజీకి వచ్చినప్పుడు ఆ బాధ్యత నా మీదే పడింది. జగిత్యాల నుంచి వచ్చిన టెక్నీషియన్ కంప్యూటర్‌లో అంతా అమర్చి, మెసేజీతో పాటు ఫోన్ కాల్ కూడా వెళ్తుందనీ, దానికి ఎవరిదైనా గొంతు కావాలనీ చెప్పాడు.

"ఇంకెవలు? మేడమే. సిరిసిల్ల గొంతు, మైకు గూడ అక్కర్లే," అన్నారు ప్రిన్సిపల్ గారు.

నిజమే. సిరిసిల్లలో మా ఇంటికీ మరమగ్గాల షెడ్డుకీ మధ్య ఒకటే గోడ. మగ్గాలు నడుస్తుంటే అమ్మను మంచినీళ్లు అడగడానికి కూడా అరవాల్సిందే. పెళ్లయి కోరుట్లకు వచ్చినా ఆ అరుపు పోలేదు.

మొదట ఒకసారి ఊరికే పంపి చూశాం. టెక్నీషియన్ రాసిచ్చిన వాక్యమే: "ఇది పరీక్ష మాత్రమే. ఎవరూ ఆందోళన చెందవద్దు." కాసేపటికి ఆఫీసు ఫోన్ ఆగకుండా మోగడం మొదలైంది.

"ఏం పరీక్ష సారూ? మా బిడ్డ పెండ్లికి పోయింది, ఇప్పుడెట్ల?" అని ఒకాయన కంగారు. సెలవు పెట్టిన ఇద్దరు ఆడపిల్లలు హాల్‌టికెట్లు పట్టుకుని ఆటో దిగారు. స్టాఫ్ రూంలో అందరం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాం. ఇంటికి వెళ్లాక మాత్రం నాకు నవ్వు రాలేదు. కబురు అందరికీ చేరింది, ఒక్కరికీ సరిగ్గా అర్థం కాలేదు.

ఆ తర్వాత వానాకాలంలో ఒక రోజు పొద్దుటి నుంచీ ముసురు. మధ్యాహ్నానికి వాన గట్టిపడటంతో, పిల్లలు ఇళ్లకు చేరుకుంటారులే అని ప్రిన్సిపల్ గారు కాలేజీ వదిలేశారు. కథలాపూర్ వైపు వెళ్లే పిల్లలు కొందరు అప్పటికే బస్సెక్కి వెళ్లిపోయారు. అంతలో మా లైబ్రేరియన్‌కు వాళ్ల ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఆ దారిలో ఉన్న వాగు పొంగి కల్వర్టు మీది నుంచి పారుతోందట.

ప్రిన్సిపల్ గారు గబగబా ఒక కాగితం మీద రాశారు. "అధిక వర్షపాతం దృష్ట్యా విద్యార్థులు తమ ప్రయాణాలను వాయిదా వేసుకోగలరు."

"సార్, గిది సమజయ్యేలోపు బస్సు వాగుల ఉంటది," అన్నాను.

ఆయన నా ముఖం వంక చూసి, "మీకెట్ల అనిపిస్తే గట్ల చెప్పుండ్రి మేడం," అని పక్కకు జరిగారు.

మా ఇంట్లో ఎలా అరుస్తానో అలాగే రికార్డు చేశాను. "వాగు రోడ్డెక్కింది. కథలాపూర్ బస్సు ఎక్కకుర్రి. ఎక్కినోళ్లు డ్రైవర్‌కు చెప్పి వాగుకు ఈవల్నే ఆపిపియ్యుర్రి. నీళ్లల్లకు ఎవ్వలు దిగకుర్రి. మంచిగున్నోళ్లు ఒకటి నొక్కుర్రి."

పంపేసి కంప్యూటర్ ముందు నిలబడ్డాను. తెర మీద ఒకటి నొక్కినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పచ్చగా మారుతున్నాయి. బస్సులో ఉన్న ఒక అబ్బాయి నా సెల్‌కు ఫోన్ చేశాడు.

"మేడం, మీ మాట స్పీకర్ల పెట్టి డ్రైవరన్నకు ఇనిపిచ్చిన. బస్సు ఆపిండు. నీళ్లు ఇక్కడికి కనవడ్తనే ఉన్నయి."

అంతలోనే ఆఫీసు ఫోన్ మోగింది. అవతల ఒక ఆడమనిషి, వగరుస్తూ మాట్లాడుతోంది.

"గిందాక ఫోన్ల మాట్లాడింది నువ్వేనా మేడం? నా బిడ్డ ఏదీ అని ఎన్నిసార్లు అడిగిన. నీ అంతట నువ్వు చెప్పుకుంట పోయినవ్. జవాబే ఇయ్యకపోతివి."

ఆమె కథలాపూర్ దగ్గర నాటు వేయడానికి కూలికి వెళ్లింది. ఇంటికంతా ఒకటే ఫోన్, అది ఆమె దగ్గరే ఉంటుంది. కూతురికి వెళ్లాల్సిన కబురు పొలంలో ఉన్న తల్లికి చేరింది. రికార్డు గొంతని తెలియక దానితోనే మాట్లాడింది.

"ఫోన్ పెట్టకమ్మా, లైన్ల ఉండు," అని చెప్పి, బిడ్డ పేరు అడిగి, నా సెల్‌లో బస్సులోని అబ్బాయికి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి పేరు చెప్పి, ఉందా అని అడిగాను. అతను సీట్ల మధ్య వెతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరో లేదన్నారు. ఈ చెవిలో తల్లి, "ఉన్నదా? ఉన్నదా మేడం?" అంటూనే ఉంది.

"ఉంది మేడం! డ్రైవరన్న ఎనుక సీట్లనే ఉంది. చున్నీ కప్పుకొని నిద్రపోయింది. గింత లొల్లైనా లేవలే!"

రెండు ఫోన్లనూ స్పీకర్‌లో పెట్టి ఎదురెదురుగా పట్టుకున్నాను.

"అమ్మా, ఏమైందే?" అంది ఆ పిల్ల నిద్రమత్తులోనే.

"ఏం కాలే బిడ్డా. నువ్వు ఆడ్నే ఉండు. ఈవలికి రాకు," అంది తల్లి. తర్వాత ఆమె ఏడుపు వినపడింది, ఆ ఏడుపులోనే నవ్వు కూడా. ప్రిన్సిపల్ గారు కిటికీ వైపు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నారు.

బస్సును డ్రైవర్ వెనక్కి తిప్పాడు. వెలుగు ఉండగానే పిల్లలు కాలేజీ గేటు దగ్గర దిగారు. కోరుట్లలోనే ఉండే పిల్లలు వచ్చి తలా ఇద్దరిని తమ ఇళ్లకు తీసుకుపోయారు. ఆ అమ్మాయి నాతో వచ్చింది. మా ఆయన మిర్చి బజ్జీలు తెస్తే వేడివేడిగా తింటూ, "మేడం, మా అమ్మతోని ఇంకోసారి మాట్లాడిపియ్యరా?" అని అడిగింది. ఈసారి ఇద్దరూ చాలాసేపు కూర గురించి, తడిసిన పుస్తకాల గురించి మాట్లాడుకున్నారు. నేను పక్కనే కూర్చుని టీ తాగాను. పొద్దుటి నుంచీ ఆ రోజు అదే నా మొదటి టీ. అంత బాగున్న టీ ఇంతవరకూ తాగలేదనిపించింది.