ముందద్దం మార్చిన రోజు

మా అత్త తన స్పోర్ట్స్ కారుకు ఎప్పుడు బ్రేకు వేసినా, పక్క సీట్లోని నాకు అడ్డంగా ఎడమచెయ్యి చాపేది. ఒకరోజు కంబం దారిలో లారీ టైరు కిందినుంచి ఎగిరిన రాయి తగిలి ముందద్దమంతా బీటలు వారింది. దారి కనిపించలేదు. అప్పుడూ ఆ చెయ్యి తీయకుండానే కారును పక్కకు ఆపి, "పయపడాకురా కన్నా, ఏమీ కాలే" అంది.

గాంధీపురం వర్క్‌షాపులో కొత్త అద్దం దింపుతుంటే ఒక మూల జారింది. పనివాళ్లు అరిచారు. అత్త కళ్లు గట్టిగా మూసుకుంది. అద్దం పగలలేదు, సరిగ్గానే కూర్చుంది. జిగురు ఆరాక ఆమె స్టీరింగు ముందు కాసేపు కూర్చుని, దిగి వచ్చి, తాళంచెవి నాకిచ్చింది.

"నువ్వు తోలుడా. ఆ పొద్దునుంచీ బ్రేకు మీద నా కాలు నిలవడం లే. ఇంట్లో చెప్పాకు."

ఆమె మళ్లీ కారు తోలలేదు. నేనెవరికీ చెప్పలేదు.