చ్వాంగ్ గారి యాభై రెండో ప్రశ్న

చ్వాంగ్ గారు ఎక్కడికి వెళ్ళినా ఒక ప్రశ్న అడగడం మరిచిపోతారు. ఒక్కటే. రెండో మూడో మరిచిపోతే ఏ డాక్టరుకో చూపించేవాళ్ళం. ఈయన మాత్రం లెక్క తప్పకుండా ఒక్కటే మరిచిపోయి, దాని కోసం మళ్ళీ వెనక్కి వస్తారు. తైనాన్‌లో ఆయన స్కూటరు ఎంత దూరం వెళ్ళిందో అంత దూరమూ తిరిగి వచ్చింది.

పెళ్ళి సంబంధానికి వెళ్ళినప్పుడూ ఇదే వరసట. ఆయన భార్య చున్-యీ గారే నాకు చెప్పారు.

"మా నాన్న మామిడితోట, మా అన్న ఉద్యోగం, మా కుక్క వయసు, అన్నీ అడిగి వెళ్ళాడమ్మా. హమ్మయ్య అనుకున్నాం. మర్నాడు పొద్దున్నే వానలో తడుస్తూ గుమ్మంలో ప్రత్యక్షం. 'క్షమించాలి, ఒకటి మరిచిపోయాను. అమ్మాయికి నేను నచ్చానా?' అన్నాడు."

"మీరేమన్నారు?"

"అప్పటికి మూడు సంబంధాలు వచ్చాయి. ఆ మాట అడిగినవాడు ఇతనొక్కడే. ఇంకేమంటాను!"

అలాంటి మనిషికి మా ఆఫీసులో ఉద్యోగమే ప్రశ్నలు అడగడం. సోయా సాస్ అమ్మి గడించిన ఒక పెద్దాయన పేరున ఫౌండేషన్ ఉంది. జనం ఏ దేవుడికి మొక్కుతారు, పిల్లల్ని ఏమి ఆశించి చదివిస్తారు, పరాయివాళ్ళకు ఏమిస్తారు, ఎవరిని నమ్ముతారు అని వాళ్ళ డబ్బుతో మేము సర్వే చేసేవాళ్ళం. ఇంటికి ఒక ఫారం, ఫారానికి యాభై రెండు ప్రశ్నలు. ఒక్కటి ఖాళీగా ఉన్నా ఆ ఫారం చెల్లదు.

ఆఫీసులో మేము ఐదుగురం. ఇంటింటికీ తిరిగేవాళ్ళు నలుగురు, వాళ్ళు తెచ్చిన ఫారాలు సరిచూసేదాన్ని నేను. తూర్పు తీరం నుంచి ఈ ఉద్యోగం కోసం వచ్చి, నాలుగో అంతస్తులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. రోజూ ఐదున్నరకు చ్వాంగ్ గారు హెల్మెట్ పెట్టుకుని మెట్లు దిగేవారు. సరిగ్గా రెండు నిమిషాలకు మళ్ళీ ఎక్కి నా బల్ల ముందు నిలబడేవారు.

"పేయ్‌లింగ్, ఒకటి మరిచిపోయాను. నీ గదిలో కుళాయి కారడం ఆగిందా?"

"ఆగింది సార్."

ఇంకోరోజు, "ఒకటి మరిచిపోయాను. రాత్రికి ఏం తింటున్నావు?"

"నూడుల్స్ సార్."

"మళ్ళీనా?"

నాకు ఒళ్ళు మండేది. ఈ మనిషి మెట్లు దిగకముందే ఎందుకు అడగడు?

ఆ ఏడాది కొంప మునిగింది. మిగతా ముగ్గురూ ఫారాలు అప్పజెప్పారు. చ్వాంగ్ గారి దగ్గర ఇరవై మూడు ఆగిపోయాయి. ఇరవై మూడింటిలోనూ యాభై రెండో ప్రశ్న ఒక్కటే ఖాళీ: 'ఆపద వస్తే, పిలవగానే వచ్చే మనిషి మీకు ఎవరైనా ఉన్నారా?'

ఫౌండేషన్ తరఫున కో మేడం రాజధాని తైపే నుంచి దిగారు. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు మాలో లేరు.

"రేపు సాయంత్రంలోగా ఇవి నిండకపోతే వచ్చే ఏడాది ఈ సర్వేలో చ్వాంగ్ గారు ఉండరు," అన్నారు. "పేయ్‌లింగ్, మీరు వెళ్ళండి. ఒక్క ప్రశ్న. ఇంటికి ఒక్క నిమిషం."

మొదట సైకిళ్ళు బాగుచేసే హోంగ్ తాత దగ్గరికి వెళ్ళాను. ప్రశ్న చదివాను. ఆయన టైరులోంచి తల ఎత్తలేదు.

"అది చ్వాంగ్ అడగాల్సిన ప్రశ్న."

"నేనూ అదే ఆఫీసు తాతా."

"అయితే నీ ప్రశ్న ఏదైనా అడుక్కో. వాడిది వాడికి వదిలెయ్."

తర్వాత ఓడలో వంటవాడిగా చేసి మానేసిన కాయ్ బాబాయ్. ఆయన నాకు చేప గంజి పెట్టాడు, రెండోసారి కూడా పోశాడు, జవాబు మాత్రం పెట్టలేదు. "బుధవారం చ్వాంగ్ వస్తాడుగా, అప్పుడు చెబుతాలే. ఇప్పుడే చెప్పేస్తే వాడికిక్కడ పనేముంటుంది?"

మూడో ఇల్లు సముద్రదేవత మాజు తల్లి గుడి పక్కన. గుడి ఊడ్చే థో అవ్వ ప్రశ్న వినగానే చేతిలోకి రెండు చంద్రవంక చెక్కలు తీసింది. ఏ సంగతైనా వాటితో తల్లినే అడుగుతుంది. విసిరింది. రెండూ చదునువైపు పైకి పడ్డాయి.

"తల్లి నవ్వుతోంది," అంది అవ్వ. "అంటే ఇప్పుడు కాదు, రేపు రా."

"అవ్వా, రేపటికి ఆయన ఉద్యోగం పోతుంది!"

ఏరుకుంటున్న చెక్కలు జారి మళ్ళీ కింద పడ్డాయి. అవ్వ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"వాడు ఆ ప్రశ్న మరిచిపోలేదే పిచ్చిదానా. మొదటిరోజే అడిగాడు. నాకెవరూ లేరని చెప్పాను. పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. 'అవ్వా, ఈ ప్రశ్న నేనింకా అడగలేదు, మరిచిపోయాను, వచ్చేవారం వస్తాను' అన్నాడు. వచ్చేవారం హోంగ్‌ను వెంటబెట్టుకొచ్చాడు, నా తలుపు బాగుచెయ్యమని. ఆ పైవారం కాయ్ గిన్నెడు గంజితో వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ ఒకణ్ణి తగిలించి పోయాడు. చూడు!"

గోడమీద పంచాంగం పక్కన ఒక కాగితం, పెద్ద పెద్ద అంకెలతో ఫోన్ నంబర్లు. ఇరవై రెండు.

ఫారాల కట్ట విప్పాను. ఇంట్లో ఎంతమంది అన్నచోట ఇరవై మూడింటిలోనూ ఒకటే అంకె: ఒకటి. మూడు నెలలుగా ఆ కాగితాలు నా చేతిమీదుగానే పోయాయి. సరిచూసేదాన్నట నేను! సిగ్గుతో ముఖం వేడెక్కింది.

ఆఫీసుకు వచ్చి కో మేడంకు అంతా చెప్పాను. ఆవిడ చ్వాంగ్ గారిని పిలిచారు.

"చ్వాంగ్ గారూ, మనం సమాజాన్ని కొలవడానికి వెళ్ళాం. బాగుచెయ్యడానికి కాదు."

ఆయన తల గోక్కున్నారు. "అవును మేడం. ఆ సంగతి మరిచిపోయాను."

కో మేడం నవ్వారు. నేను కళ్ళారా చూశాను. వెంటనే గొంతు సవరించుకుని, "మొదటిరోజు చెప్పిన జవాబులే రాయండి, తేదీలతో సహా," అన్నారు.

చ్వాంగ్ గారు పెన్ను తీశారు. ఇరవై మూడుసార్లు 'లేరు' అని రాశారు. ఒక్కొక్క ఫారానికీ ఆయన ముఖం ఇంకొంచెం వాడిపోయింది. అన్నీ అయ్యాక కో మేడం కట్ట తీసుకుని తిరగేశారు.

"ఇప్పుడు అడిగితే ఏమంటారు వీళ్ళు?"

"ఉన్నారంటారు మేడం."

"ఒకే మనిషి మాటిమాటికీ తలుపు తడితే ఆ జవాబు ఎలా మారిందో, అదొక పరిశోధన. దానికి వేరే డబ్బు అడుగుతాను. వచ్చే ఏడాది ఆ ఇళ్ళకు మీరే వెళ్ళాలి." గుమ్మందాకా వెళ్ళి ఆగారు. "ఈసారి ప్రశ్న మరిచిపోకండి."

"ప్రయత్నిస్తాను మేడం," అన్నారు చ్వాంగ్ గారు, ఏమాత్రం నమ్మకం కలిగించని గొంతుతో.

ఐదున్నరైంది. ఆయన హెల్మెట్ పెట్టుకుని మెట్లు దిగారు. రెండు నిమిషాలకు చెప్పుల చప్పుడు మళ్ళీ పైకి వచ్చింది.

"పేయ్‌లింగ్, ఒకటి మరిచిపోయాను. వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తావా అని చున్-యీ అడగమంది."

నేను చుట్టూ చూశాను. ఈ ఆఫీసులో నాలుగేళ్ళుగా ఆయన వెనక్కి వస్తున్నది నా ఒక్కదాని బల్ల దగ్గరికే. మిగతా ముగ్గురికీ ఇళ్ళల్లో మనుషులున్నారు. ఇరవై మూడు కాదు, ఇరవై నాలుగన్నమాట!

వస్తానన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఆలోచించుకుని రేపు చెబుతాను సార్," అన్నాను. "రేపు మళ్ళీ అడగండి."

ఆయన నావంక ఒక్క క్షణం చూశారు. తర్వాత ఈల వేసుకుంటూ మెట్లు దిగిపోయారు.