మా తమ్ముడి చేతిలో సిలువ

మా తమ్ముడికి దివ్యసత్ప్రసాదం ఇవ్వనన్న ఫాదర్ గారు చాలా మర్యాదస్తులు. మా అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి మరీ ఇవ్వనని చెప్పారు.

"అర్థం చేసుకునే జ్ఞానం రావాలి కదమ్మా. మీ బాబుకి ఒంటికే వయసొచ్చింది. మామూలు రొట్టెకీ సత్ప్రసాదానికీ తేడా తెలియనివాడికి ఎలా ఇమ్మంటారు?"

అమ్మ ఆ నీళ్ళు తాగకుండా లేచి వచ్చేసింది. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను, అమ్మ వెనకే నిలబడి విన్నాను.

మాది కలిదిండి దగ్గర, కొల్లేటి అంచున చిన్న ఊరు. నాన్న ఉపదేశి. ఫాదర్ రాని ఆదివారాల్లో గుడిలో జనం చేత జపాలు చెప్పించేవారు. తమ్ముడు డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. ఆ మాట మేం చాలా ఏళ్ళ తర్వాత విన్నాం. పుట్టినప్పుడు ఏలూరులో డాక్టరు చెప్పింది వేరు. "గుండెలో రంధ్రం ఉంది, బుద్ధి ఎదగదు, ఎక్కువ కాలం ఉండడు. మీకు ఆడపిల్ల ఉందిగా, ఇంకొకర్ని కనండి," అన్నాడు. నాన్న ఆ సాయంత్రమే పసిగుడ్డుకి జ్ఞానస్నానం ఇప్పించారు. పేరు పెట్టారు గానీ ఆ పేరుతో వాణ్ణి ఎవరూ పిలవలేదు. నలభై దాటాక కూడా ఊరందరికీ వాడు బాబే.

ఆ ఏడాది మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే పిల్లలందరికీ తెల్లబట్టలు కుట్టించారు. అమ్మ వాడికీ కుట్టించింది. ఫాదర్ వద్దన్న సంగతి వాడికి ఎలా చెప్పాలో మాకు తెలియలేదు. పిల్లల వరసలో వాడూ వెళ్ళి మోకరించాడు. నోరు తెరిచాడు. ఫాదర్ చెయ్యి వాడి తల మీదుగా దాటి పక్కపిల్ల నోటి దగ్గరికి వెళ్ళింది. వాడు నోరు తెరుచుకునే ఉన్నాడు. వరస అంతా లేచిపోయాక గట్టిగా "ఆమెన్" అని, చేతులు జోడించుకుని, నవ్వుకుంటూ అమ్మ దగ్గరికొచ్చాడు. తనకీ ఇచ్చారనే అనుకున్నాడు. అమ్మ ఆ రోజు ఇంట్లో బిర్యానీ వండింది. అందరం తిన్నాం. వాడు రెండోసారి పెట్టించుకున్నాడు.

కొన్నేళ్ళకి ఆ ఫాదర్ బదిలీ అయి ఒక ముసలి ఫాదర్ వచ్చారు. అమ్మ మళ్ళీ వెళ్ళింది. ఆయన కుర్చీలు వేయించలేదు. వాణ్ణి చెయ్యి పట్టుకుని పీఠం దగ్గరికి తీసుకెళ్ళి, సత్ప్రసాదపు అప్పం చూపించి అడిగారు.

"ఇందులో ఎవరున్నార్రా?"

"యేసుసామి."

జేబులోంచి బిస్కెట్టు తీసి చూపించారు. "మరి ఇందులో?"

వాడు ఆయన్ని జాలిగా చూశాడు. "బిస్కెట్టు."

"ఇంకేం కావాలమ్మా?" అన్నారు ఫాదర్, ఆ బిస్కెట్టు వాడి చేతిలో పెడుతూ.

ఆపై ఆదివారమే సత్ప్రసాదం ఇచ్చారు. ఆ తర్వాత వాడి చేతికి సిలువ ఇచ్చిందీ ఆయనే. పూజ మొదట్లో ఫాదర్ ముందు పట్టుకుని నడిచే పొడుగాటి ఇత్తడి సిలువ. శనివారం మధ్యాహ్నం వాడు గుడి మెట్ల మీద కూర్చుని చింతపండుతో దాన్ని తోమేవాడు. ఆదివారం వాడి పొట్టి వేళ్ళు ఆ కర్రని పట్టుకుని వస్తుంటే, నాలుక కొంచెం బయటపెట్టి, అడుగు తీసి అడుగు వేస్తుంటే, అంత శ్రద్ధగా ఏ పనైనా చేసిన మనిషిని నేను చూడలేదు. పూజలో ఒకరికొకరు శాంతి కోరుకుంటూ సమాధానం చెప్పుకునే ఘట్టంలో మేమంతా పక్కవాళ్ళకి ఒక నమస్కారం పెట్టి ఊరుకునేవాళ్ళం. వాడు మాత్రం బెంచీ బెంచీకీ వెళ్ళి, ప్రతి మనిషి చెయ్యీ పట్టుకుని "సమాధానం" అనేవాడు. వాడు తిరిగొచ్చేదాకా ముసలి ఫాదర్ పూజ ఆపి నిలబడేవారు.

వాడి జీవితంలో లోటేమీ లేదని చెబితే మీరు నమ్మరు. నాన్న పోయాక వాడు ఊరి బయట చేపలు ప్యాకింగ్ చేసే షెడ్డులో పనికి కుదిరాడు. ట్రేలలో శీలావతి, బొచ్చె చేపలు సర్ది ఐసు పోస్తారు. చివరి పార ఐసు వాడిది. పోసి, ట్రే మీద సిలువ గుర్తు వేసేవాడు.

"బాబు దీవించిన చేప కలకత్తా దాకా కుళ్ళదంట," అని లోడింగువాళ్ళు నవ్వేవారు. నవ్వినా, వాడు మరిచిపోతే వాళ్ళే పిలిచి వేయించేవారు.

నాకు తాడేపల్లిగూడెంలో టీచరు ఉద్యోగం. సెలవులకి వాణ్ణి ఏలూరు స్టేషన్లో ప్యాసింజరు ఎక్కించి మా ఇంటికి తీసుకెళ్ళేదాన్ని. కిటికీ దగ్గర కూర్చుని "దెందులూరు! భీమడోలు! పూళ్ళ!" అని స్టేషను రాకముందే కేకేసేవాడు. దిగాల్సినవాళ్ళు లేచి సామాన్లు సర్దుకునేవారు. గూడెంలో మా వీధిలో నన్ను టీచరమ్మ అని పిలవడం మానేసి బాబు వాళ్ళక్క అనడం మొదలుపెట్టారు.

షెడ్డులో రొయ్యలు ఒలిచే ఒక అమ్మాయంటే వాడికి ఇష్టం. కలిదిండి బజార్లో ఎర్రగాజులు కొని తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆమె వెక్కిరించకుండా తీసుకుని అక్కడే తొడుక్కుంది. తర్వాత ఆమెకి పెళ్ళి కుదిరితే రెండు రోజులు అన్నం మానేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడోరోజు లేచి తల దువ్వుకుని పెళ్ళికెళ్ళి, బ్యాండువాళ్ళు అలిసిపోయేదాకా డాన్సు చేశాడు. వాడి కంచం ఎవరైనా తీస్తే కొట్టేవాడు. ఆవకాయ జాడీలో చెయ్యి పెట్టి, అడిగితే పిల్లి అనేవాడు. అచ్చం మనిషి.

ముసలి ఫాదర్ పోయారు. పెంకుల గుడి పడగొట్టి కొత్త గుడి కట్టారు. చేపల చెరువుల డబ్బు, నేలంతా పాలరాయి. ఎక్కువ ఇచ్చింది చెరువుల ఆసామి ఒకాయన. గుడి కమిటీకి పెద్ద. ప్రారంభోత్సవానికి ముందువారం ఆయన మా ఇంటికొచ్చాడు. నేను సెలవులకి ఊళ్ళోనే ఉన్నాను.

"టీచరమ్మగారూ, మీరు చదువుకున్నోరు, మీకు చెప్తే అర్థమవుద్దని వచ్చానండి. ఆ రోజు పీఠాధిపతులు, బిషప్పుగారే వత్తన్నారు. లైవు పెడతన్నాం. ముందు సిలువ పట్టుకునేవోడు కొంచెం... చూడ్డానికి..."

"చూడ్డానికి ఏంటండీ?"

"అదేనండి. మీకు తెలీందేముంది?"

"ఇన్నేళ్ళూ ఎవరు పట్టుకున్నారండీ?"

"అప్పుడు పాకలాంటి గుడి కదండీ," అన్నాడాయన.

మా తాతల్ని ఊరి చెరువులో నీళ్ళు ముట్టుకోనిచ్చేవారు కాదని, మనుషులుగా చూసింది గుడి ఒక్కటేనని ప్రతి పండక్కీ మైకులో చెప్పేది ఈయనే. ఆ సంగతి అక్కడే అడిగేదాన్ని. అమ్మ నా చెయ్యి గిల్లింది.

కొత్త ఫాదర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన కుర్రవాడు, ఫోన్లో షామియానా వాళ్ళతో మాట్లాడుతున్నాడు. "కమిటీ నిర్ణయం అమ్మా. ఒక్కరోజే కదా. తర్వాత మళ్ళీ బాబే పట్టుకుంటాడు," అన్నాడు. ఇంటికొచ్చి ప్రారంభోత్సవానికి ఎవరమూ వెళ్ళొద్దన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "నువ్వు గూడెం వెళ్ళిపోతావు. నేను ఈ ఊళ్ళో బతకాలమ్మా," అంది.

ఆ శనివారం కూడా వాడు సిలువ తోమాడు. ఆదివారం తెల్లబట్టలు వేసుకుని మాకంటే ముందే వెళ్ళిపోయాడు. మేం వెళ్ళేసరికి గేటు బయట ఎండలో నిలబడి ఉన్నాడు. చొక్కాకి బ్యాడ్జి పెట్టుకున్న కమిటీ మనిషి ఒకడు వాడికి నచ్చజెప్పాడట. "బాబూ, నువ్వు ఇక్కడుండి వచ్చినోళ్ళందరికీ దండం పెట్టు. ఇయ్యాళ ఇదే నీ డ్యూటీ."

వాడు నమ్మాడు. దిగే ప్రతి కారుకీ ఎదురెళ్ళి, ప్రతి చెయ్యీ పట్టుకుని "సమాధానం, సమాధానం" అన్నాడు. చెరువుల ఆసామి చెయ్యైతే ముద్దు కూడా పెట్టుకున్నాడు. లోపల ఆసామి కొడుకు, బెజవాడలో ఇంజినీరింగ్ చదివేవాడు, మా తమ్ముడు తోమిన సిలువ పట్టుకుని ముందు నడిచాడు. నేను లోపలికి వెళ్ళలేదు. తమ్ముడి పక్కన నిలబడి, వాడి మెడ మీద చెమట తుడుస్తూ ఉన్నాను.

పూజకి ముందు పీఠాధిపతులు కారు దిగగానే వాడు వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నాడు. ఆయన నవ్వి వాడి తల మీద చెయ్యి పెట్టారు. ఆ ఫొటో ఎవరో తీశారు. లైవు వీడియోలో పాలరాయీ, తోరణాలూ ఎవరికీ గుర్తులేవు గానీ ఆ ఫొటో మాత్రం ఊళ్ళన్నీ తిరిగింది. మరుసటి ఏడాది గుడి క్యాలెండరు మీద వేశారు. గేటు బయట నిలబెట్టిన మనిషినే అట్ట మీద వేసుకున్నారు.

"అక్కా, నాకు పెద్ద డ్యూటీ ఇచ్చారు!" అన్నాడు వాడు ఇంటికొచ్చి, కాళ్ళు పట్టించుకుంటూ.

ఒక్కరోజు అన్నది ఎప్పటికీ అయిపోయింది. కొన్ని శనివారాలు వాడు చింతపండు పట్టుకుని వెళ్ళాడు. సిలువ అద్దాల బీరువాలో పెట్టాం, పాలిష్ వాళ్ళు వస్తారు అన్నారు. "సిలువేదక్కా?" అని నన్ను ఫోన్లో అడిగేవాడు. ఆ తర్వాత అడగడం మానేశాడు. మనసు కష్టపెట్టుకున్నాడని రాస్తే నాకు తృప్తిగా ఉండేది. కానీ వాడు పెట్టుకోలేదు. గేటు దగ్గర డ్యూటీ వాడికి అంతకంటే నచ్చింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళని కూడా కలవొచ్చు కదా. వాడికి అక్కర్లేని కోపమంతా నా దగ్గరే ఉండిపోయింది.

మొన్న వానాకాలంలో వాడి గుండె అలిసిపోయింది. ఏలూరు ఆసుపత్రిలో కొన్నాళ్ళున్నాడు. సూది గుచ్చిన నర్సుకి సిలువ గుర్తు వేసేవాడు. ఒక ఉదయం నేను పాలు చల్లారుస్తుంటే "అక్కా, తియ్యగా," అన్నాడు. చక్కెర వేసి తిరిగేసరికి పోయాడు. డాక్టరు ఎక్కువ కాలం ఉండడన్న పిల్లవాడు నాన్న పోయాకా, ముసలి ఫాదర్ పోయాకా, బహుశా ఆ డాక్టరు పోయాకా కూడా ఉన్నాడు.

జ్ఞాపకార్థ పూజకి గుడి నిండిపోయింది. షెడ్డువాళ్ళందరూ పని ఆపి వచ్చారు. గాజుల అమ్మాయి పిల్లల్ని తీసుకుని వచ్చి వెనక కూర్చుని ఏడ్చింది. పూజ చివర్లో చెరువుల ఆసామి మైకు తీసుకున్నాడు.

"మన బాబు మనిషి కాదండి. దేవుడు మన మధ్యకి పంపిన దేవదూత. ఏ కోరికా, ఏ కోపం లేని పసిబిడ్డ. అలాంటోణ్ణి ఈ గుడి గుండెల్లో పెట్టుకుని చూసుకుంది."

నేను లేచాను. మైకు అడగలేదు. బడిలో అరిచే గొంతే సరిపోయింది.

"మా తమ్ముడు దేవదూత కాదండీ. వాడికి కోరికలున్నాయి, కోపముంది. సిలువ పట్టుకుని నడవడం వాడికి ఇష్టం. అది మీరు తీసేసుకున్నారు. దేవదూతకైతే ఏం చేసినా ఫర్వాలేదని అలా అంటున్నట్టున్నారు."

ఫాదర్ గొంతు సవరించుకుని ఆఖరి పాట మొదలెట్టించాడు. బయటికొస్తుంటే కొందరు నా చెయ్యి పట్టుకున్నారు, కొందరు తలొంచుకుని వెళ్ళిపోయారు. ఆసామి ఏమనుకున్నాడో తెలియదు. భోజనాల దగ్గర మాత్రం వడ్డన బాగా చూసుకున్నాడు.

అమ్మ ఇంటికొచ్చి నన్ను తిట్టింది.

"వాడి పూజ రోజున గొడవెందుకే? వాడెప్పుడైనా అడిగాడా?"

"అడిగాడమ్మా. సిలువేదని ఫోన్లో నన్నే అడిగాడు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ సంగతి నేను ఆమెకి అంతకుముందు చెప్పలేదు. వాడూ చెప్పలేదనుకుంటాను.

ఇప్పుడు అమ్మ నాతో గూడెంలోనే ఉంటోంది. ఈ మధ్య ఇక్కడి గుడిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళి, ఒక మనిషి మీద కోపం పోవడం లేదండీ అని చెప్పాను. జరిగింది క్లుప్తంగా చెప్పాను. ఫాదర్ గారు తెరకి అవతల నుంచి అడిగారు.

"మీ తమ్ముడు క్షమించాడు కదమ్మా. మీరూ వదిలెయ్యకూడదా?"

"వాడు క్షమించలేదండీ. వాడికి అసలు తప్పే కనపడలేదు. కనపడ్డదాన్ని నేను ఒక్కదాన్నే ఉన్నాను. నేను కూడా వదిలేస్తే అక్కడ ఏమీ జరగనట్టే కదండీ?"

ఆయన ప్రాయశ్చిత్తంగా మరియమ్మకి మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నారు. బెంచీలో మోకరించి మూడూ చెప్పాను. కోపం పోలేదు. లేచి, మార్కెట్టులో ఉల్లిపాయలు తీసుకుని ఇంటికొచ్చాను.