బొంత ఆకలి

యుద్ధకాలంలో కొత్త గుడ్డ దొరకడమే కష్టం. కెంచార్లహళ్ళిలో మా అవ్వ, విషజ్వరంతో పోయిన మా అమ్మ పాత చీరలు కత్తిరించి బొంత కుట్టింది. మొనదేలేలా కోసిన ముక్కల్ని మొనలు బయటికొచ్చేలా చుట్టూ చేర్చి, బొంత నిండా నక్షత్రాలు తీర్చింది.

చివరి మూల మూసేముందు లోపల రొట్టెముక్క పెట్టడం మావాళ్ల ఆచారం. బొంత ఆకలితో ఉంటే కప్పుకున్నవాళ్లకు నిద్రపట్టదట. అవ్వ రాగిరొట్టె తుంపి పెట్టి కుట్టేసింది.

తెల్లారేసరికి ఆ మూల చిరిగి ఉంది. లోపల రొట్టె లేదు.

"ఎలక కొరికిండాది" అన్నాడు నాన్న.

అవ్వ మళ్లీ ముక్క పెట్టి కుట్టింది. మర్నాడూ అంతే. ఆమె ఇంకో రొట్టె తెచ్చుకుని కూర్చునేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎలకని మేపుతాండావా అవ్వా?" అని అరిచాను.

"ఎలక కాదమ్మా" అంది అవ్వ, సూది మీంచి చూపు తిప్పకుండా. "జొరంలో మీయమ్మ రొట్టె అడిగింది. లంఖణం ఉండాలని నేనే ఇయ్యలేదు. అడగతానే పోయింది."

ఈసారి అవ్వ తుంపలేదు. రొట్టె మొత్తం లోపల పెట్టింది.