ఒక పొయ్యికి ఒక పాసు

నాకూ మా తోడికోడలికీ మాటలు పోయింది ఒక తడి గరిటె వల్ల. తోటలో ఏరి ఏరి తెచ్చిన జలాల రకం మామిడికాయ ముక్కలతో ఇద్దరం కలిసి పెట్టిన ఆవకాయకు ఆ వానాకాలం బూజు పట్టింది. జాడీలో తడి గరిటె పెట్టింది నువ్వంటే నువ్వని పెరడు దద్దరిల్లేలా అరుచుకున్నాం. ఆ సాయంత్రమే నేను వేరే పొయ్యి పెట్టుకున్నాను. మా ఆయనా, మా బావగారూ మామిడితోటల్లో పనిచేసే అన్నదమ్ములు. ఆడవాళ్ళ గొడవలో తలదూరిస్తే ఆ పూట అన్నం దొరకదని వాళ్ళకు తెలుసు, అందుకని నోరు మెదపలేదు. ఇప్పటికీ చెబుతున్నాను, ఆ గరిటె నాది కాదు.

అలా ఒకే పెరట్లో, చెరో మూల రెండు పొయ్యిలు వెలిశాయి. ఆమె పొగ నా వైపు వస్తే నేను దగ్గేదాన్ని, కావాలనే, ఆమెకు వినబడేలా. మళ్ళీ ఆవకాయల కాలం వచ్చింది, ఎవరి జాడీ వాళ్ళు పెట్టుకున్నాం. ఏడాది దాటినా ఎడమొహం పెడమొహమే.

స్వరాజ్యం వచ్చిన కొత్త రోజులవి. ఆగిరిపల్లి వైపు కొండ అడవిలోకి పుల్లలకు వెళ్ళాలంటే గేటు దగ్గర రోజు చీటీ కొనాలి. చీటీ డబ్బులు పొద్దున్నే మా ఆయన్ని అడగాలి. "నిన్నేగా వెళ్ళొచ్చావు, మళ్ళీ ఇవాళ ఎందుకే?" అనేవాడు. పుల్లలకని చెప్పేదాన్ని. నిజానికి పుల్లలకొక్కటే కాదు. ఊళ్ళో కోడలు గట్టిగా నవ్వితే నలుగురూ తిరిగి చూస్తారు. అడవిలో ఎవరు చూస్తారు? పరికి పళ్ళు తింటూ, నెమలిని వెక్కిరిస్తూ, బండ మీద కాళ్ళు బారజాపుకుని కూర్చోవచ్చు. వేరుపడక ముందు ఆ బండ మీద ఇద్దరం కూర్చునేవాళ్ళం. తర్వాత నేనొక్కదాన్నే కూర్చుంటున్నాను గానీ, ఒక్కదానికి ఏం నవ్వొస్తుంది?

ఒకనాడు గేటు దగ్గర గార్డు కొత్త కబురు చెప్పాడు. ఏడాది పాసు వచ్చిందట. ఒక్కసారి కడితే చాలు, ఏడాదంతా ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళొచ్చు.

"ఒక పొయ్యికి ఒక పాసమ్మా. ఆ పొయ్యి మీద వండింది తినేవాళ్ళంతా రావచ్చు. ఇంటికొచ్చి పొయ్యి చూశాకే ఇస్తాను" అన్నాడు.

నేను కొంటానేమోనని నోరు జారానో లేదో, చీటీల కోసం నిలబడ్డ ఆడవాళ్ళంతా నా మీద పడ్డారు. "మామిడి కాపు దిగినన్నాళ్ళూ తోటలోనే ఉంటావు. వానలొస్తే వాగు దాటలేవు. ఇంకెన్నిసార్లు వెళ్తావని ఏడాది పాసు? పిచ్చి ముదిరిందా ఏంటి?" లెక్క వేసి చూస్తే వాళ్ళు చెప్పిందే నిజం. కానీ నాకు కావలసింది లెక్క కాదు. ఎందుకు అని ఎవరూ అడగకుండా ఇంట్లోంచి బయలుదేరడం కావాలి. రోజు చీటీతో ఆ సుఖం ఎక్కడ దొరుకుతుంది?

తీరా చూస్తే, కోళ్ళు అమ్మి నేను దాచుకున్నది పాసుకు సగమే వచ్చింది. మిగతా సగం ఎవరి దగ్గరుందో నాకు తెలుసు. ఛీ, ఆమె ముందుకెళ్ళి నేను నిలబడడమా? చచ్చినా వెళ్ళనని ఒట్టు పెట్టుకున్నాను. పడుకున్నా, లేచినా ఆ బండే గుర్తొచ్చింది. చివరికి ఆమె బియ్యం చెరుగుతుంటే ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"అక్కా" అన్నాను. ఏడాది తర్వాత ఆ మాట గొంతు దాటడానికి ఎంత కష్టమైందో నాకే తెలుసు.

చేట ఆపకుండా అంతా విన్నది. "అంటే పాసు కోసం కలిసున్నట్టు నటించాలంటావు."

"గార్డు చూసి వెళ్ళేదాకానే. తర్వాత ఎవరి పొయ్యి వాళ్ళదే."

"మరి ఇప్పుడు ఎవరి పొయ్యి తీసేస్తాం?"

నా ఒళ్ళు మండింది. సరిగ్గా అదే అడిగింది మహాతల్లి! "నాదే!" అని విసురుగా వచ్చి, పలుగు తీసుకుని నా పొయ్యి పడగొట్టాను. ఆ చోటు పేడతో అలికి, పంతం కొద్దీ ముగ్గు కూడా వేశాను. ఆమె అంతా చూస్తూనే ఉంది. సాయానికి రాలేదు, వద్దనీ అనలేదు.

గార్డు వచ్చేసరికి ఆమె వండుతోంది, నేను పక్కన కూర తరుగుతున్నాను. పెరడంతా తిరిగి చూసి, సరేనన్నట్టు తలూపాడు. అంతలో ఆయన చూపు గూటి మీద పడింది.

"పొయ్యి ఒకటే గానీ, ఆవకాయ జాడీలు రెండున్నాయేంటమ్మా? మా ఇంట్లో కూడా ముందు జాడీలే రెండయ్యాయి. ఆ తర్వాతే వేరుపడ్డాం."

పొయ్యి సంగతి అంత ఆలోచించి, జాడీల సంగతే మరిచిపోయాను.

అక్క లేచింది. నా జాడీకి కట్టిన గుడ్డ విప్పింది. గరిటె తీసుకుని చెంగుతో తుడిచింది. వెలుతురుకెత్తి చూసి మళ్ళీ తుడిచింది, కళ్ళు మాత్రం నా మీదే. తర్వాత తన జాడీలో ఉన్న ఆవకాయంతా తోడి నా జాడీలో వేసేసింది. ఆమెది వెల్లుల్లి దట్టించినది, నాది మెంతిపిండి వేసినది.

"రెండూ సగానికొచ్చాయండీ. ఇవాళే కలుపుదామనుకున్నాం" అంది గార్డుతో.

పొయ్యి పడగొడితే మళ్ళీ పెట్టుకోవచ్చు. కలిపిన ఆవకాయను ఎవరు విడదీయగలరు? ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలిసే చేసింది. నాకు ఏడుపొచ్చింది. గార్డు ఉన్నాడని కూడా చూడకుండా ఏడ్చేశాను. కారం ఘాటనుకున్నాడో ఏమో, పాపం, గబగబా పాసు రాసిచ్చి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఇద్దరం కొడవళ్ళు పట్టుకుని బయలుదేరుతుంటే మా ఆయన అలవాటుగా అడిగాడు, ఎందుకే అని.

"ఊరికే!" అన్నాను. ఆ మాట అనడానికే నేను పాసు కొన్నది.

చీటీల కోసం నిలబడ్డవాళ్ళ పక్కనుంచి దొరసానుల్లా నడిచి లోపలికెళ్ళాం. బండ మీద కాళ్ళు బారజాపి, అక్క చెంగులోంచి పరికి పళ్ళు నా ఒళ్ళో పోసింది.

"ఏమే, గార్డు చూసి వెళ్ళాడుగా. నీ పొయ్యి ఎప్పుడు పెట్టుకుంటావు?"

"మట్టి దొరకట్లేదక్కా" అన్నాను, అంత కొండ మీద కూర్చుని.

ఒక్క క్షణం నా మొహంలోకి చూసి పకాలున నవ్వింది. నేనూ నవ్వాను. కడుపు పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా, ఊరు ఊరంతా వినబడేంత గట్టిగా నవ్వాం. ఎవరూ తిరిగి చూడలేదు.