ప్రారంభానికి ముందు పడిన గోల్

భద్రాచలం వెళ్ళి వచ్చానంటే అందరూ ప్రసాదం కోసం చేయి చాపుతున్నారు. అందుకని ముందే చెబుతున్నాను. నేను వెళ్ళింది ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటానికి. తెచ్చింది కోపం. ఎంత పంచినా తరగడం లేదు కాబట్టి పాఠకులకూ కాస్త పెడుతున్నాను.

2006 ఫిబ్రవరిలో, ఖమ్మంలోని మా కాలేజి జట్టు పదహారేళ్ళ తర్వాత జిల్లా కాలేజీల ఫైనల్‌కు చేరింది. నేను చదివి బయటపడ్డ కాలేజీయే, కానీ నా అభిమానం నా చదువుకంటే పాతది. మా అమ్మ తమ్ముడు లచ్చిరాం మామ అక్కడ గ్రౌండ్ అటెండరు. మైదానంలో సున్నంతో గీతలు గీయడం ఆయన ఉద్యోగం. జట్టు ఓడిన రోజు అన్నం మానేయడం ఆయన సొంత నిర్ణయం. నాకు అయిదేళ్ళప్పుడూ ఆరేళ్ళప్పుడూ వరసగా రెండుసార్లు కప్పు మాదే. రెండూ ఆయన భుజాల మీద కూర్చుని చూశాను. కప్పు అనేది ఏటేటా దానంతటదే వస్తుందనుకున్నాను, వానాకాలం లాగ. ఆ అపోహ పోవడానికి పదహారేళ్ళు పట్టింది.

ఆ పదహారేళ్ళ గురించి ఎక్కువ చెప్పను. ఒక ఏడాది తొమ్మిది గోల్స్ తేడాతో ఓడాం. ఇంకో ఏడాది అవతలి జట్టు బస్సు దారిలో చెడిపోయింది. ఆడకుండానే గెలుస్తామని నేనూ మామా సంబరపడుతుంటే తెలిసింది, మా జట్టు కూడా రాలేదని. ఎలాగూ ఓడిపోతాం కదా అని ఏడుగురు పెళ్ళికి వెళ్ళారట. ఆ రోజు మామ తన గీతలు తనే చూసుకుని ఇంటికి వచ్చాడు. మరునాడు మళ్ళీ గీశాడు.

ఈసారి ఫైనల్‌కు ఇంకో బరువు తోడైంది. ప్రిన్సిపాల్ గారికి మైదానం స్థానంలో స్కూటర్ల షెడ్డు కనిపిస్తోంది. జట్టును పిలిచి చెప్పారు: "మనం గెలిచినట్టు పేపర్లో రావాలి. రాకపోతే వేసవి సెలవుల్లో ఆ గోల్‌పోస్టులు పీకించేస్తాను." ఆయన పేపర్లో వచ్చినదే నమ్ముతారు. ఎండగా ఉందో లేదో కూడా కిటికీలో చూడరు, పేపర్లో చూస్తారు.

శుక్రవారం ఉదయం 5:40కి ఖమ్మం బస్టాండులో బస్సు ఎక్కాను. టికెట్ యాభై రెండు రూపాయలు. రైలు ఉంది కదా అని కొందరు అడుగుతారు. భద్రాచలం రోడ్ అనే స్టేషన్ భద్రాచలంలో ఉండదు, కొత్తగూడెంలో ఉంటుంది. అక్కడ దిగి మళ్ళీ నలభై కిలోమీటర్లు బస్సులోనే వెళ్ళాలి. పేరు చూసి రైలెక్కిన వాళ్ళను చూసి నేను నవ్వను, ఒకసారి నేనూ ఎక్కాను.

6:50కి తల్లాడలో మామ ఎక్కాడు. ముందురోజు జట్టుతో వెళ్ళమంటే వెళ్ళలేదు. ఇంటికెళ్ళి, ఆ రెండు కప్పుల ఏళ్ళలో తొడిగిన చొక్కా వెతికి తొడుక్కుని వచ్చాడు. బొత్తాలు పొట్ట దగ్గర కలవలేదు. పైన తువ్వాలు కప్పుకున్నాడు.

"మామా, చొక్కా కుంచించుకుపోయింది."

"చొక్కా గట్లనే ఉంది అల్లుడా. నేనే ఎక్కువ మ్యాచ్‌లు చూసిన."

మా వెనక సీట్లో ముదిగొండ నుంచి వస్తున్న ఒక పెద్దమ్మ, ఆమె పక్కన నోరు తెరవని భర్త. తలనీలాలు ఇవ్వడానికి వెళ్తున్నారు. జొన్నరొట్టె, పచ్చిమిరప కారం ఉన్న మూట విప్పి మా ఇద్దరికీ చెరో రొట్టె ఇచ్చి, ఆ హక్కుతో విచారణ మొదలుపెట్టింది.

"మీదేం మొక్కు కొడుకా?"

"కప్పు మొక్కు అవ్వా," అన్నాడు మామ.

"ఎన్నేండ్ల కింద మొక్కిండ్రు?"

"పదహారేండ్లు."

"గన్నేండ్లు తీర్చకుంటే దేవుడు ఊకుంటడా?"

"మేం తీర్చేది కాదవ్వా. ఆయనే తీర్చాలె."

ఆమె రెండో రొట్టె ఇచ్చింది. జాలితోనే అనుకుంటాను.

8:30కి కొత్తగూడెం. పది నిమిషాలు ఆగుతుంది అన్నారు, ఇరవై అయిదు ఆగింది. టీ బాగుంది. పాల్వంచ దాటాక అడవి మొదలైంది. టేకు ఆకులు రాలి, చెట్ల మధ్య నుంచి లోపల చాలా దూరం కనిపిస్తోంది. ఇప్పపూలు ఇంకా రాలేదని మామ చెప్పాడు. బస్సు కిక్కిరిసింది. కోయ భాషలో గట్టిగా మాట్లాడుకుంటున్న నలుగురు ఆడవాళ్ళు గంపలతో ఎక్కి, నా కాళ్ళ మీద ఒక గంప పెట్టారు. నన్ను అడగలేదు. అడిగినా నాకు అర్థమయ్యేది కాదు, కాబట్టి సమయం ఆదా అయింది. 10:10కి గోదావరి వంతెన. పెద్దమ్మ నదికి దండం పెట్టుకుంది. మామ కూడా పెట్టాడు, కానీ ఆయన చూపు అవతలి ఒడ్డున మైదానం ఎక్కడుందా అని వెతుకుతోంది.

సత్రంలో గది అరవై రూపాయలు. ఫ్యాను ఉంది, తిరగడం దాని ఇష్టం. సంచులు పడేసి పదకొండుకు మైదానం చేరాం. మ్యాచ్ పదకొండుకే అని కరపత్రంలో ఉంది. ఫైనల్ ఆతిథ్య కాలేజీకీ మాకూ. మామ వెళ్ళగానే గీతలు చూశాడు.

"గీత వంకరున్నది."

"ఊరు వేరే మామా. వాళ్ళ గీత వాళ్ళది."

ముఖ్య అతిథి రావాలి కాబట్టి పదకొండుకు మొదలుకాలేదు. ఆయనెవరో పేరు చెప్పను. అలాంటి పెద్దాయన మీ ఊళ్ళోనూ ఉంటాడు, ఆయన్నే ఊహించుకోండి. పన్నెండుకు బయలుదేరారన్నారు. ఒంటి గంటకు ఇంకా బయలుదేరుతున్నారన్నారు. ఆటగాళ్ళు పులిహోర పొట్లాలు తిని కానుగ చెట్టు కింద పడుకున్నారు. రెండున్నరకు ఫోను వచ్చింది, ఆయన రావడం లేదని. నిర్వాహకుడైన లెక్చరర్ గారు ఎవరో పోయినట్టు తువ్వాలుతో మొహం తుడుచుకుని, "కానియ్యండి" అన్నారు. 2:45కి రిఫరీ ఈల వేశాడు.

స్కోరు రాయడానికి తరగతి గదిలోంచి నల్లబల్ల మోసుకొచ్చి వేదిక పక్కన నిలబెట్టారు. సుద్దముక్క చరిత్ర లెక్చరర్ గారి చేతిలో ఉంది. ఎడమవైపు 'ఖమ్మం', కుడివైపు 'భద్రాచలం', కింద రెండు పెద్ద సున్నాలు వేశారు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

మొదటి సగం గురించి చెప్పడానికి మా కెప్టెన్‌కు పడిన పసుపు కార్డు తప్ప ఏమీ లేదు. రెండో సగం పదో నిమిషంలో, దమ్మపేట కన్నయ్య అనే మా కుర్రవాడు కార్నర్ నుంచి వచ్చిన బంతిని తలతో కొట్టాడు. బంతి పోస్టుకు తగిలి, లోపలికి పోవాలా వద్దా అని కాస్త ఆలోచించి, పోయింది. చరిత్ర లెక్చరర్ గారు, గోల్ పడింది సొంత కాలేజి మీదైనా, వెంటనే ఖమ్మం కింది సున్నా తుడిచి ఒకటి వేశారు. మామ నా భుజం పట్టుకున్నాడు. ఆ గోళ్ళ గుర్తులు మూడు రోజులున్నాయి.

ఇంకా పదిహేను నిమిషాల ఆట ఉందనగా రోడ్డు మీద కార్ల హారన్లు వినిపించాయి. ముఖ్య అతిథి గారికి ఇంకెక్కడో కార్యక్రమం రద్దయిందట, అందుకని మా మీద దయ కలిగింది. ఆట ఆపేశారు. అరగంట పాటు దండలు, శాలువాలు. తర్వాత ఇరవై నిమిషాలు ప్రసంగం. చిన్నప్పటి నుంచీ వాలీబాల్ అంటే తనకు ప్రాణమని ఆయన చెప్పారు. ఆ తర్వాత గోల్‌పోస్టుకు కొబ్బరికాయ కొట్టారు. ఆతిథ్య జట్టు గోల్‌పోస్టుకే అని చెప్పనక్కర్లేదు. చివరగా ఆయన బంతిని తన్ని పోటీలను ప్రారంభించాలి. చెప్పులతోనే తన్నారు. బంతి రెండు గజాలు దొర్లింది. ఫోటోగ్రాఫరు ఇంకోసారి అన్నాడు. మూడో తన్నుకు కెమెరా ఒప్పుకుంది. లెక్చరర్లందరూ, చరిత్ర వారితో సహా, ఫోటోలో పడేందుకు ఆయన పక్కన వరస కట్టారు.

అప్పుడు నిర్వాహకుడు మైకులో చెప్పారు: "ముఖ్య అతిథి గారు ప్రారంభించినందున ఫైనల్ మ్యాచ్ ఇప్పుడు మొదలవుతుంది. స్కోరు సున్నా, సున్నా."

నేను ఆయన దగ్గరికి పరుగెత్తాను. మామ నా వెనక నడిచి వచ్చాడు.

"సార్, మేము ఒక గోల్ కొట్టినం గద," అన్నాను.

"ప్రారంభం కాకముందు గోల్ ఎట్ల పడ్తది తమ్మీ?"

"మరి గంటసేపు జరిగిందేంది సార్?"

"వార్మప్."

"వార్మప్‌ల మా కెప్టెన్‌కు పసుపు కార్డు ఇచ్చిండ్రు."

ఆయన రిఫరీ వైపు చూశారు. రిఫరీ ఆకాశం వైపు చూశాడు. అక్కడ రూల్ ఏదీ రాసి లేదు.

"కార్డు ఉంటది," అన్నారు నిర్వాహకుడు. "అది క్రమశిక్షణ."

ఈ వాక్యం నాకు ఇప్పటికీ కంఠస్థం. పరీక్షల్లో ఇంత బాగా ఏదీ గుర్తుండలేదు. గోల్ జరగలేదు, కానీ తప్పు జరిగింది. ఆడలేదు, కానీ అలసిపోయాం. మామ అంతా విని ఒకే మాట అన్నాడు: "సారూ, నేను ముప్పై ఏండ్ల సంది గీతలు గీస్తున్న. గీత దాటితే గోలే. ఎవరొచ్చిండ్రు, ఎవరు రాలే అని గీతకు తెల్వదు." నిర్వాహకుడు మామ తువ్వాలు, బొత్తాలు కలవని చొక్కా చూసి, "ఇతనెవరు?" అని నన్ను అడిగారు. నాకు ఎక్కువ కోపం వచ్చింది అప్పుడే.

మళ్ళీ ఆడారు. ఎండలో చెమట ఆరి కాళ్ళు బిగుసుకుపోయిన కుర్రాళ్ళు ఇరవై అయిదు నిమిషాలు నిలబడ్డారు, అంతలో వెలుతురు పోయింది. సున్నా, సున్నా. ఇద్దరూ సంయుక్త విజేతలన్నారు. కప్పు ఒక్కటే కాబట్టి మొదటి ఆరు నెలలు వాళ్ళ దగ్గర, తర్వాత మా దగ్గర అన్నారు. బస్సులో తీసుకుపోతే వంకరపోతుందని మా మంచికే చెప్పారు. ఆరు నెలల తర్వాత అది వచ్చేసరికి మా గోల్‌పోస్టుల చోట స్కూటర్లు ఉంటాయి. ఆ సాయంత్రం మామ అన్నం తినలేదు. ఓడలేదు కద మామా అన్నాను. "గందుకే ఇంకా తినబుద్ధి అయితలేదు," అన్నాడు.

శనివారం ఉదయం 6:30 బస్సు. జట్టు ముందు బస్సులో వెళ్ళిపోయింది. అదే పెద్దమ్మ, నున్నటి గుండుతో, గంధం పూసుకుని, మా వెనక సీట్లోనే. భర్త జుట్టు భర్తకుంది. మొక్కింది ఆయన అట, ఇచ్చింది ఆమె. ఆమె మమ్మల్ని ఏమీ అడగలేదు. మా మొహాలు చూస్తే తెలిసిపోయి ఉంటుంది.

8:15కి కొత్తగూడెంలో పేపరు కొన్నాను. జిల్లా పేజీలో, సగం పేజీ ఫోటో: ముఖ్య అతిథి కాలు గాల్లో ఉంది. కింద 'ఫుట్‌బాల్ ఫైనల్‌ను ప్రారంభిస్తున్న దృశ్యం'. ఆ కింద నాలుగు లైన్లలో సంయుక్త విజేతలు. నేను చింపేయబోయాను. పెద్దమ్మ వెనక నుంచి తొంగి చూసింది.

"ఆయన ఎన్కాల పలక మీదేందో రాసిండ్రు కొడుకా. నాకు దూరంవి మంచిగ కానొస్తయి, చదువే రాదు."

చూశాను. ముఖ్య అతిథి భుజం పక్కన, చెక్కుచెదరకుండా, నల్లబల్ల. ఫోటోలో పడాలన్న తొందరలో ఎవరూ దాన్ని తుడవలేదు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఖమ్మం 1, భద్రాచలం 0.

మామకు చూపించాను. చాలాసేపు చూశాడు. పేపరును నాలుగు మడతలు పెట్టి, చొక్కా లోపల, బొత్తాలు కలవని చోట పెట్టుకుని, పైన తువ్వాలు కప్పాడు.

"అవ్వా, రొట్టె ఉన్నదా?" అని అడిగాడు.

ఏన్కూరు దాకా తింటూనే ఉన్నాడు. 9:55కి తల్లాడ వచ్చింది. దిగలేదు. మరో టికెట్టు తీసుకున్నాడు. 11:10కి ఖమ్మం. బస్టాండు నుంచి నేరుగా కాలేజీకి నడిచాం.

ప్రిన్సిపాల్ గారి బల్ల మీద అదే పేపరు ఉంది. "సంయుక్త విజేతలన్నారుగా," అన్నారు. మామ తన పేపరు విప్పి, నల్లబల్ల మీద వేలు పెట్టాడు. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"కింద మరోలా రాశారే."

"కిందిది రాసింది సార్. పైనున్నది జరిగింది," అన్నాడు మామ.

తాను నమ్మే ఒకే ఒక్క వస్తువు తనకే ఎదురు తిరిగితే మనిషి ఎలా ఉంటాడో ఆ రోజు చూశాను. "ఈ ఏడాదికి ఉండనీ," అన్నారు చివరికి.

భద్రాచలం వెళ్ళదలచిన వారికి నా సలహాలు మూడే. రైలెక్కకండి. రొట్టె ఇచ్చే వాళ్ళ ముందు సీట్లో కూర్చోండి. గోల్ కొట్టాలనుకుంటే ముఖ్య అతిథి వచ్చేదాకా ఆగండి. నా కోపం మాత్రం ఇంకా అలాగే ఉంది. మా కెప్టెన్ మీద ఆ పసుపు కార్డు ఇప్పటికీ ఉంది.

బయటికి వచ్చి మామ కోసం చూస్తే కనిపించలేదు. మైదానంలో ఉన్నాడు. పాత చొక్కా విప్పి గోల్‌పోస్టుకు తగిలించి, బనియనుతో, సున్నం బకెట్టు పట్టుకుని గోల్ గీత గీస్తున్నాడు. ఆ రోజు ప్రాక్టీసు లేదు. గీత మాత్రం తిన్నగా ఉంది.